మునిరత్నం పేరున కాల్చిన బొమ్మ

1942 జూన్ 9
బావి దగ్గర ఎవరో కూర్చున్నారు. గడ్డం, పాదాలకు గోనెగుడ్డ కట్లు. బాటసారి అనుకుని, "ఎవరప్పా?" అన్నాను.
"బాయికి మెట్లు కట్టించినట్టుండావే" అన్నాడు.
ఆ గొంతు! మునిరత్నం. పదహారేళ్ల కిందట రంగూన్ పోయిన మునిరత్నం. నాలుగేళ్ల కిందట మేం దహనం చేసిన మునిరత్నం.

జూన్ 10
బర్మాలో యుద్ధమట, నడిచి వచ్చాడట. దారిలో పెళ్లాం పోయిందట. అంతే చెప్పాడు.
తమ్ముడు చెంగల్రాయుడు గడప తొక్కనివ్వలేదు. కర్మ జరిగిపోయిన మనిషి ఇంట్లోకి రావాలంటే మళ్లీ పుట్టినట్టు జాతకర్మ, నామకరణం చేయాలి. తమ్ముడు చేయించడు. చేయిస్తే వాళ్ల నాయన భూమిలో సగం అన్న వాటా అని ఒప్పుకున్నట్టే. ఆ భూమి మొత్తం నాకు అమ్మేశాడు కదా.
అరుగు కింద విస్తరి పెట్టి తలుపు వేసుకుంటున్నారు. పిండం పెట్టినట్టు.

జూన్ 12
బావి పక్కన నీళ్లు తోడే కపిల ఎడ్ల కొట్టంలో పడుకోమన్నాను. ఇంకేం అనగలను?

జూన్ 17
పన్నెండేళ్లు కబురు లేని మనిషికి దర్భబొమ్మ చేసి దహనం చేస్తారు. చివరి కబురు వచ్చిన నాటి నుంచి పన్నెండేళ్లు. మేం మాత్రం అతను ఊరు వదిలిన నాటి నుంచి లెక్కపెట్టాం. పొరపాటు జరిగిందని ఊరికి చెప్పుకోవచ్చు. కానీ ఆ లెక్క చెప్పింది నేనే. అప్పుడు నాకు ఆ బావి కావాలి. అన్న బతికుంటే తమ్ముడొక్కడూ అమ్మలేడు.

జూన్ 25
"నన్ను యాడ కాల్చినారబ్బా? సూపించు" అన్నాడు. స్వర్ణముఖి ఇసుకలోకి తీసుకెళ్లాను. సుమారుగా ఒక చోటు చూపించాను. అక్కడే కూర్చున్నాడు, ఇసుక తడుముతూ.
"బొమ్మ ఎంత పొడుగుండె?"
చేత్తో చూపించాను. నవ్వాడు.
"అమ్మ ఏడ్సిందా?"
ఏడ్చింది. ఆ ఏడాదే పోయింది. "దర్భ ఎవురు కోసుకొచ్చినారు?" అన్నాడు. వినపడనట్టు ఏటి వైపు చూశాను. కోసింది ఈ చేతులే.

సెప్టెంబర్ 2
సమన్లు వచ్చాయి. సగం భూమి తనదని మునిరత్నం దావా వేశాడు. బావి ఉన్న సగం.
ఇంకా మన కొట్టంలోనే ఉన్నాడు. పొమ్మనలేను.

సెప్టెంబర్ 8
తిరుపతిలో వకీలును కలిశాను. "తెలియక కొన్నావు, మన బలమంతా అదే. ఆయన బతికున్నట్టు కబురేదీ నీ చెవిన పడలేదని చెప్పు. చాలు" అన్నాడు. తల ఊపి వచ్చేశాను.

సెప్టెంబర్ 9
కబురు వచ్చింది. 1931లో. రంగూన్ నుంచి ఉత్తరం. వాళ్లమ్మకు చదువు రాదు, నా దగ్గరికే తెచ్చింది, నేనే చదివాను. "నా పాలు భూమి అమ్మనీకండి. వస్తాను." దాచిపెట్టమని నాకే ఇచ్చి పోయింది.
బొమ్మకు నిప్పు పెట్టే ముందు నా చెయ్యి పట్టుకుంది. "జాబు వచ్చినాది కదా నాయనా, నువ్వే కదా సదివినావు..."
"అది పాతదమ్మా" అన్నాను.
అప్పటికి జాబు వచ్చి ఏడేళ్లే.

1943 జనవరి 20
ఉత్తరం పెట్టెలోంచి తీసి చూస్తుంటే నా పెళ్లాం సుబ్బమ్మ చూసింది. "ఇట్లియ్యి, పొయ్యిలో ఏస్తా. బాయి పోతే సెనక్కాయి పైరు ఎండిపోతాది. బిడ్డలకి ఏం పెడతావు?" అని చెయ్యి చాపింది. దాని మాటలో తప్పు లేదు. అయినా ఇవ్వలేకపోయాను.

మార్చి 3
రేపు నా సాక్ష్యం.
సాయంత్రం కాలవ నీళ్లు మళ్లించను మడవ కడుతుంటే మునిరత్నం పక్కకు వచ్చి నిలబడ్డాడు. దావా ఊసే ఎత్తలేదు.
"ఆడుండంగా ఒకాయన సేత అమ్మకు జాబు రాయించినా. సేరిందో లేదో. నీకేమన్నా తెలుసునా అబ్బా?"
"నీళ్లు తాగు" అన్నాను. దోసిలి పట్టాడు. పోశాను. తాగి, ఇంకా నా ముఖమే చూస్తున్నాడు.

మార్చి 4
ఇద్దరం ఒకే బస్సుకు పోవాలి. కేకేస్తున్నాడు, "పొద్దెక్కతా ఉండాది, రాబ్బా" అని. ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్నానే గానీ, కోర్టులో బయటికి తీస్తానో లేదో...