ఆగిపోయిన బంతి

రవన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ కెప్టెన్సీ ఇప్పుడు నా నెత్తిన ఉంది. పొద్దున ఉయ్యూరులో అంధుల క్రికెట్ టోర్నమెంట్‌లో మ్యాచ్ ఆడి ఓడిపోయి వచ్చాం.

చివరి ఓవర్లో బంతి గడ్డిలో ఆగిపోయింది. దొర్లినంతసేపే కదా లోపలి ఇనప గుండ్లు గలగలమనేది! ఆగాక, గంతలు కట్టుకున్న మనం చేతులతో తడుముకోవాల్సిందే. మన సురేష్ తడుముకోలేదు. నాలుగడుగుల్లో తిన్నగా వెళ్ళి, తీసి విసిరాడు. రనౌట్. అందరూ చప్పట్లు కొడుతుంటే నేనే అంపైర్‌ని పిలిచి, "వాడి గంతలు చూడండి సార్" అన్నాను. కింద వేలెడు సందు ఉందట; వాడికింకా కాస్త చూపుందిగా. రనౌట్ రద్దు చేసి, వాణ్ణి టోర్నమెంట్ నుంచి తప్పించారు.

బస్సులో వాడు నా పక్కనే కూర్చున్నాడు. "నీకు కనపడదుగా అన్నా, ఎలా తెలిసింది?"

"నీ అడుగులు తడబడలేదురా" అన్నాను.

అప్పట్నుంచి కాలు నిలవడం లేదు. గుమ్మానికీ మంచానికీ మధ్య తిరుగుతూనే ఇదంతా ఫోన్‌కి చెప్పి రాయిస్తున్నాను.

కొండపల్లి మ్యాచ్ గుర్తుందా? నా ఎడమ కంట్లో ఇంకా కాస్త చూపు మిగిలిన రోజులు. గంతలు ఓ పిసరు పైకి జరిపి, ఆగిపోయిన బంతి దగ్గరికి నేనూ తిన్నగానే నడిచాను. కప్పు మనకే వచ్చింది. నువ్వు నా పక్కనే ఫీల్డింగ్ చేస్తున్నావు. తిరిగొస్తూ నా భుజం మీద చెయ్యేసి, "బంతి త్వరగానే దొరికిందిరా" అన్నావు. అంతే.

ఆ రోజు అంపైర్‌ని ఎందుకు పిలవలేదన్నా?