వద్దనడం నేర్పిన బడి

బెంగళూరు,
మంగళవారం.

నాయనకు నీ కూతురు రత్న దండాలు పెట్టి రాసేది. నేను, మీ అల్లుడు, నీ మనవరాలు గంగ ముగ్గురం బాగున్నాము. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లుంది? అవ్వ వేళకు తింటోందా? చిలమత్తూరు వైపు వాన పడిందని విన్నాను. చెనక్కాయ విత్తారో లేదో తమ్ముడి చేత రాయించు.

ఇక్కడ రోజూ జల్లు. ఉతికిన బట్టలు ఆరవు. గార్మెంట్స్‌లో నన్ను కాలర్లు కుట్టే పనిలో వేశారు, మెడ పట్టేస్తోంది గానీ బాగానే ఉన్నాను, దిగులు పడకండి. సాంబారులో బెల్లం వేస్తారు, మీ అల్లుడికి గొంతు దిగదు. ఎవరైనా వస్తుంటే రాగిపిండి పంపించు. పక్క గదివాళ్లు మంచివాళ్లే, కానీ గంగ అరిస్తే తలుపు వేసుకుంటారు. అప్పుడు మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

నీ ఉత్తరం అందింది. హిందూపురంలో మాటలు రాని ఇలాంటి పిల్లల హాస్టలులో గంగకు సీటు కోసం ఎంత తిరిగావో తెలుసు. వాళ్లే ఉంచుకుని చదువు చెబితే నాకు కాస్త ఊపిరాడుతుందని నీ ఆలోచన. వచ్చే సోమవారం లోపల చేర్చాలన్నావు. ఫోనులో అయితే సగంలోనే ఆగిపోతానని వెంటనే ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఇక్కడి బడి సంగతి చెబుతాను. మొన్న ఫోనులో అఆలు వచ్చాయా అని అడిగితే, వద్దని చెప్పడం నేర్చుకుంటోందని అన్నాను. నువ్వు పడీ పడీ నవ్వావు. "ఏమ్మా, వద్దనేదానికి కూడా బడి కావల్లా? మనింట్లో అది ఎవురికి నేర్పినారు?" అన్నావు. నేనూ నవ్వాను గానీ, ఫోను పెట్టేశాక బాధేసింది.

హిందూపురంలో మామూలు బడిలో వేస్తే ఏమయిందో నువ్వే చూశావు కదా. గంట కొడితే చెవులు మూసుకునేది, పక్కపిల్ల తగిలితే కొరికేది. మొండిదన్నారు, తీసుకుపొమ్మన్నారు. డాక్టరు ఆటిజం అన్నాడు. అవ్వ పాపం నాలుక మీద వస అరగదీసి రాసింది. అయినా మాట రాలేదు.

ఇక్కడి టీచరమ్మ కన్నడామె, తెలుగు వచ్చు. మొదటిరోజే, "వద్దని చెప్పేది తెలీకనే కొరుకుతాదమ్మా. ముందు అది నేర్పిద్దాం, అక్షరాలు యాడికీ పోవు" అంది. గంగకు ఇష్టం లేనిది చూపిస్తుంది, అది అరచేయి అడ్డం పెట్టగానే తీసేస్తుంది. అంతే నాయనా! చెయ్యెత్తితే వినేవాళ్లున్నారని తెలిశాక కొరకడం మానేసింది. ఇప్పుడు గోల ఎక్కువైతే చెయ్యెత్తి బయట నిలబడి, కాసేపటికి తనే లోపలికి వస్తోంది. పక్కనున్న మామూలు బడికి పాటల క్లాసుకు కూడా తీసుకుపోతున్నారు. అక్కడి పిల్లల మధ్య కూర్చుంటోంది.

ఆదివారం గంగకు నీ ఉత్తరం సంగతి చెప్పాను. బడిలో చేసినట్టే బొమ్మలు గీశాను. మంచాల వరుసలున్న పెద్ద ఇల్లు, అందులో గంగ. దూరంగా ఇంకో ఇంట్లో అమ్మ. చాలాసేపు చూసింది. అరవలేదు, తల గోడకేసి కొట్టుకోలేదు. చెయ్యెత్తి "వద్దు" అంది. నోటితోనే నాయనా! ఇంత పెద్దదయ్యాక దాని నోట నేను విన్న మొదటి మాట అది.

"దానికేం తెలుసని వద్దనింది అంటాండావు?" అన్నాడు మీ అల్లుడు.

"ఇప్పుడు మనం ఇనకపోతే మళ్లా కొరకాల్సిందే కదప్పా" అన్నాను. ఆయన ఆ బొమ్మల కాగితం తీసి మడిచి పెట్టాడు.

ఆ హాస్టలు చెడ్డదని నేననను. కొందరు పిల్లలకు అదే మేలేమో. ఇంటికి తిరిగొచ్చి అమ్మ పక్కన పడుకునే బడి గంగకు కావాలి.

అమ్మకు, అవ్వకు, పెద్దనాయనకు నా దండాలు చెప్పు. తమ్ముడిని ఎండలో తిరగవద్దని చెప్పు. గంగను ఆశీర్వదించండి.

సీటు ఇప్పించిన పెద్దమనిషి ముందు నీకు తలవంపులవుతాయని తెలిసే రాస్తున్నాను. పదో తరగతితో బడి మానమంటే మానేశాను. పెళ్లికి ఎవరిని చూపిస్తే వాళ్లకే తల వంచాను. నీ మాట కాదనడం నాకెవరూ నేర్పలేదు నాయనా. ఇప్పుడు నా బిడ్డ నేర్పింది. హాస్టలు వద్దు.

నీ కూతురు,
రత్న