ఏ జంతువు పళ్లు?

విమానాశ్రయ తనిఖీ అధికారి గారికి,

నిన్న నేను టోంగా నుంచి మీ ఆస్ట్రేలియాలో దిగగానే మీ ఉద్యోగి నా బిస్కట్ డబ్బా తీసేసుకున్నాడు. అందులో నా కొడుకు పాలపళ్లు ఉన్నాయి. మా దీవిలో ఊడిన పన్ను ఎలుకకు విసిరేస్తారు. నాకు విసిరేయడానికి చేతులు రాక ముప్పై ఏళ్లుగా దాచుకున్నాను.

"ఇవి ఏ జంతువు పళ్లండీ?" అని అడిగాడు మీవాడు.

"నీ పళ్లేరా, సెమిసీ!" అన్నాను.

వరుసలో అందరూ నవ్వారు. వాడు మాత్రం తలెత్తకుండా, "జంతువుల పళ్లు దేశంలోకి రానివ్వం, కాల్చేస్తాం. రూల్ అంటే రూలేనండీ" అన్నాడు. ఇంత నిజాయితీపరుణ్ణి పెంచినందుకు నాకూ గర్వంగానే ఉంది.

వాటిని కాల్చేసే ముందు ఒక్క మనవి. రసీదులో జంతువు పేరు దగ్గర వాడు 'తెలియదు' అని రాశాడు. దయచేసి అది కొట్టేసి, 'సెమిసి' అని వాడి చేతే రాయించండి.

ఇట్లు,
ఆ జంతువును కన్నతల్లి