బేలాపూర్‌ల దొరికిన జాగ

ఆదివారం రాత్రి, 1987

ఇయ్యాల దొరికింది!

నా దోస్తు యాదగిరి పని చేసే హోటల్‌ల దిగిన ఫారిన్ దొర ఒకాయన పోయేటప్పుడు ఎగిరే ప్లాస్టిక్ పళ్లెం ఇచ్చి, ఆట గూడ నేర్పిండు. దూరం నుంచి ఇసిరి చెట్టుకు తాకియ్యాలె. తక్కువ ఇసుర్లల్ల తాకిచ్చినోడు గెలిచినట్టు. గని ఆడనీకి జాగ ఏది? బొంబాయిల మా కామాటిపుర గల్లీల ఇసిరితే ఎవరి మీది అంతస్తు గ్యాలరీలనో పడతది. దాదర్ మైదానంల క్రికెట్ పోరలు 'చల్, హట్' అని ఎల్లగొట్టిన్రు. చౌపాటీల చెట్లే లేవాయె.

పొద్దుగాల ఇద్దరం బస్సెక్కి బేలాపూర్ పోయినం. మా రాములు మామ ఆడ కొత్త సైటు మీద మేస్త్రి. గుట్ట కింద ఎంత ఖాళీ జాగనో! చెట్లకు బదులు మామ వెదురుకట్టెలు పాతి, సిమెంటు మోసే ఇనుప ఘమేలాలు యాలాడగట్టిండు. పళ్లెం తాకి ఠంగుమని మోగంగనే పాలమూరు కూలోళ్లంత ఉరికొచ్చిన్రు. వాళ్లల్ల బాలమ్మక్క కొంగు నడుముకు చెక్కి, ఒక్క ఇసురుకే కొట్టింది! యాదగిరి నోరెళ్లబెట్టిండు.

మర్లొచ్చేటప్పుడు నేల మీద సున్నం గీతలు కండ్లవడ్డయి.

"ఇవేంది మామా?"

"పునాది గీతలురా. వానలు పోయినంక తవ్వుతం."

నా మొఖం చూసి మామ నవ్విండు. "దిగులెందుకురా? ఇది కట్టినంక ఇంకో సైటుకు పోత. నేను పోయే ప్రతి జాగ ముందుగాల ఖాళీగనే ఉంటది గదా!"

ఇసిరి ఇసిరి చెయ్యి గుంజుతుంది. నిద్ర మాత్రం వస్తలేదు...