ఆ మాట అన్న కూడా అన్నాడు

శీనా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. ఐర్లాండులో మన తెలుగువాళ్లను రంగు చూసి కొట్టారని ఇవాళ ఆత్మకూరు బస్టాండు దగ్గర మన సంఘం సభ పెట్టింది. మనిద్దరికీ కరపత్రాలు చదవడం నేర్పిన అన్న, పుట్టుకను చూసి మనిషిని అసహ్యించుకోవడం నేరమని మైకు అదిరేలా చెప్పాడు. మగవాడివై మగవాణ్ణి ప్రేమించావని ఊరు నిన్ను వెలివేసిందే, ఆ సంగతీ చెప్పమని చీటీ పంపాను.

అన్న మైకుకు చెయ్యి అడ్డం పెట్టి నవ్వాడు. "ఆ తేడాగాడి గొడవ ఇప్పుడేందిరా? అదీ ఇదీ ఒకటేనా? మీటింగు చెడగొట్టబాక."

"ఇందాక నువ్వు చెప్పిందేందన్నా మరి?" అని అరిచాను. మనవాళ్లే రెక్క పట్టి బయటికి నెట్టారు.

ఊళ్లోవాళ్లు అదే మాటతో నిన్ను ఏడిపించినప్పుడల్లా, "పోనీలేరా, మనకు అన్న ఉండాడు" అనేవాడివి. ఆ నమ్మకంతోనే పోయావు. నాకు అన్న అదీ మిగల్చలేదు.