ఏ బటన్ నొక్కినా ఒకే తోట

నఫ్తా ఒయాసిస్సు,
గురువారం.

ప్రియమైన నాసర్ గారికి,

మీ రధియా సలాములు. ఇక్కడ మేమంతా కులాసా. ఎడారిలో మీ తవ్వకం శిబిరంలో మీరూ నలత లేకుండా ఉన్నారని నమ్ముతున్నాను. అక్కడ ఫోన్ పలకదు కాబట్టి ఈ ఉత్తరం సరుకుల లారీ తోలే బషీర్ చేతికిస్తున్నాను. కవరు విప్పి అంటించినట్టుంటే నాకు చెప్పండి. అతని మీద నాకు నమ్మకం తక్కువ.

మీరు అడిగినవాటికి జవాబు. పాపకు దగ్గు తగ్గింది. మన ఖర్జూరాలకు గెలలు బాగానే దిగాయి గానీ వంతు నీళ్లు చాలడం లేదు. ఇక మీ తమ్ముడు లుత్ఫీ సంగతి. నీటి సంఘం ఆఫీసులో నా పక్కన కూర్చోబెట్టుకోమన్నారు, కూర్చోబెట్టుకున్నాను.

మా కంప్యూటర్‌లో తోటకొక బటన్ కదా. ఎవరి వంతు వస్తే వాళ్ల బటన్ నొక్కితే వాళ్ల తూము తెరుచుకుంటుంది. ఆ పైథాన్ ప్రోగ్రామ్ నేను రాసిందే. ప్రతి బటన్‌కీ అవే లైన్లు, పేరు మాత్రం వేరు. లుత్ఫీ చూసి పడీపడీ నవ్వాడు.

"ఏంటి వదినా ఇది? ఒకే కబురు ఇంటింటికీ వెళ్లి చెప్పినట్టుంది. పేర్లన్నీ ఒకచోట వరసగా పెట్టి, పని ఒక్కసారే రాస్తే సరి. ఒక్కో పేరూ తీసుకుని బటన్లు అదే చేసుకుంటుంది."

"ఇన్నాళ్లూ పనిచేసింది కదయ్యా, కదపడమెందుకు?"

"నీకు ఏది ముట్టుకున్నా అనుమానమే!"

వాడు తిరగరాశాక పేజీలకు పేజీలు పోయి గుప్పెడు లైన్లు మిగిలాయి. అంత కొట్టేసినవాడు లోపల ఏం దూర్చాడో అని నా మనసు పీకుతూనే ఉంది.

ఆదివారం నుంచి గొడవ. బటన్ల మీద పేర్లు సరిగ్గానే ఉన్నాయి. ఎవరి బటన్ నొక్కినా నీళ్లు మాత్రం హాజీ షాద్లీ తోటకే. వరసలో చివరి పేరు ఆయనది. ఆయన కూతురు దలీలానే కదా మనవాడు చేసుకోబోయేది! పెద్దాయన బురదలో నిలబడి, "ఇచ్చింది దేవుడు, నన్నడుగుతారేంట్రా?" అన్నాడట.

"పెళ్లికి ముందే మామకు కానుకలా?" అని కాఫీ కొట్టు దగ్గర ఒకటే ఎకసెక్కాలు. ఆ మాటలకు రోషమొచ్చి హాజీ పెళ్లి ఆపేస్తానన్నాడు. సంఘం లుత్ఫీని ఇంట్లో కూర్చోమని, నన్ను పాత ప్రోగ్రామే పెట్టమంది. "నేను చేయలేదు వదినా, నువ్వైనా నమ్ము" అని ఏడ్చాడు. నేను నమ్మలేదండీ. మీ తమ్ముడని కూడా చూడలేదు.

నిన్న పాతది పెట్టేముందు, వాడి గుట్టు పట్టాలని మన తోట పేరు తీసి వరసలో చివర పెట్టాను. అప్పటి వంతు పక్క తోట మోంజియాది, భర్త పోయిన మనిషి. ఆవిడ బటన్ నొక్కి మన తోటకు పరుగెత్తాను. నీళ్లు మన పాదుల్లోకి దూకుతున్నాయి!

అప్పుడు తెలిసింది. బటన్ చేసేటప్పుడు దేని పేరు దానికి అప్పగించలేదు వాడు. నొక్కినప్పుడు ప్రతి బటనూ, ఇప్పుడు ఎవరి పేరు నడుస్తోందని వెతుక్కుంటుంది. వరస ఎప్పుడో అయిపోయింది, అక్కడ మిగిలింది చివరి పేరే. కుట్రా లేదు, మామా లేడు. కోడ్ కుదించడం కొత్తగా నేర్చినవాళ్లు చేసే పొరపాటు.

ఇక మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్న మాట. వెంటనే వెళ్లి తూము మూయాల్సింది. మూయలేదు. ఎండిన మొదళ్లు తాగుతుంటే, మోంజియా వంతు గడిచిపోయేదాకా గట్టు మీద కూర్చున్నాను. ఆవిడ ఎండిన కాలువ దగ్గర నిలబడి లుత్ఫీని శాపనార్థాలు పెడుతుంటే విని ఊరుకున్నాను. సిగ్గుగా ఉంది.

నిన్న సాయంత్రం వాడికి తప్పు చూపించాను, మన తోట తడిసిన మాట మాత్రం చెప్పలేదు. చిన్న ముక్క చేర్చి, ఏ బటన్ పేరు ఆ బటన్‌కి ఇచ్చి దిద్దేశాడు, గంతులేశాడు. రేపు జుమ్మా నమాజు అయ్యాక సంఘానికి చూపిస్తాం. మోంజియా నీళ్లు ఎటు పోయాయో కూడా అక్కడే చెప్పి, మన వంతు ఆవిడకిచ్చేయాలని నిశ్చయించుకున్నాను. మీరు కోప్పడినా సరే.

కానీ ఇందాక లుత్ఫీ మన తోటవైపు వెళ్లొచ్చాడు. చెప్పుల నిండా బురద. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"వదినా, మన వంతు శనివారం కదా?" అన్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. ఈ వారమంతా వాడిని నేను చూసిన చూపే అది.

ఇట్లు,
మీ ఇల్లాలు,
రధియా