ముందు చక్రానికీ కొత్తదే

ప్రమీలా,

నేను కుప్పం బస్సుకు పోతున్నాను. నీ బండికి కొత్త టైర్లు రెండూ వరండాలో ఉన్నాయి. పొడుగు గీతలున్నది ముందుకు, గళ్లున్నది వెనక్కి. పుంగనూరు బయలుదేరకముందే వేయించుకో, దారంతా బురద.

మీ ఆయన వెనక్కి ఒక్కటే చాలన్నాడు. "బరువంతా యనకే గదమ్మా, ముందుకు అరిగిందే సాల్లే" అంటాడు. "బ్రేకేస్తే యనక కూసున్న నేను పోయి పడేది ప్రమీల వీపు మీదికే గదప్పా, అప్పుడు బరువు యాడుండాది?" అన్నాను.

నిన్న మలుపులో ముందు చక్రం జారినా, నన్ను పడనీయకుండా బండి నిలబెట్టావు. ఇంట్లో చెప్పలేదు. చెబితే నీ చేత బండి మాన్పిస్తారు. వానలో ఊరూరా తిరిగి పశువులకు సూదులేసే కోడలు ఇంకెవరికుంది?

అత్త

ముందు చక్రానికి విప్పించిన అరిగిన టైరు ఇంటి రేకుల మీదికి విసిరేశాను. నిచ్చెన ఎదురింట్లో ఇచ్చాను. అడిగి తేవద్దు.